షిఫ్ట్ దిగాక పాట పని: స్క్రీన్ ఎలా సర్దుకోవాలి?

పటాన్‌చెరు, పాశమైలారం, ఇస్నాపూర్, బొల్లారం చుట్టుపక్కల అద్దె గదుల్లో కంపెనీ డ్యూటీతో పాటు పాట పని కూడా పెట్టుకున్న కుర్రాళ్లు కనిపిస్తారు. ఒకరు జానపద పాటలకు ట్రాకులు కడతారు. ఇంకొకరు పెళ్లి వీడియోలకు ఆడియో సరిచేసి ఇస్తారు. బోనాలు, గణేశ్ నవరాత్రులు, బతుకమ్మ దగ్గర పడితే డీజే మిక్స్‌ల కోసం ఫోన్లు మోగుతూనే ఉంటాయి. వీళ్ల సరంజామా దాదాపు ఒకేలా ఉంటుంది: పదిహేను అంగుళాల లాప్‌టాప్, చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక మైకు, హెడ్‌ఫోన్లు. దొరికే సమయమూ అంతే. బి షిఫ్ట్‌కు బయల్దేరేలోపు పొద్దున రెండు మూడు గంటలు, లేదా ఎ షిఫ్ట్ దిగి తిని కాసేపు నడుం వాల్చి లేచాక సాయంత్రం.

ఆ కాస్త సమయంలో పాట మీద పోయేది ఎంత, స్క్రీన్ మీద విండోలు వెతకడానికి పోయేది ఎంత అన్నది చాలామంది గమనించరు. పాడే అతను వచ్చి పక్కన కూర్చుంటాడు. మిక్సర్ తెరిస్తే టైమ్‌లైన్ కనపడకుండా పోతుంది. రివర్బ్ ప్లగిన్ తెరిస్తే అది మిక్సర్ మీద పడుతుంది. "అన్నా, నా గొంతు ఎక్కుతుందా లేదా?" అని అతనడుగుతాడు. "ఆగు తమ్మీ, మీటర్ ఏడ వోయిందో చూస్తున్న" అంటారు మీరు. మీటర్ దొరికేసరికి అతని గొంతులో వేడి చల్లారిపోతుంది. రెండో టేక్, మూడో టేక్ అంటూ గంట గడిచిపోతుంది. బస్సు టైమ్ దగ్గర పడుతుంది.

దీనికి కొత్త లాప్‌టాప్ అక్కర్లేదు, పెద్ద మానిటర్ ఉంటే మంచిదే కానీ అది కూడా తప్పనిసరి కాదు. సంగీతం చేసే సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి విండోలను మనకు నచ్చినట్టు సర్దుకుని, ఆ సర్దుబాటును దాచుకుని, ఒక్క మీటతో మళ్లీ పిలుచుకునే వీలుంది. ఆ వీలును ఎట్లా వాడుకోవాలో పాశమైలారం కంట్రోల్ రూముల్లో కూర్చునే ఆపరేటర్లకు నిజానికి మిగతా అందరికంటే బాగా తెలిసి ఉండాలి. రోజుకు ఎనిమిది గంటలు వాళ్లు చేసే పనే అది.

మొదట కాగితం మీద

సాఫ్ట్‌వేర్ తెరవకముందు ఒక నోట్‌బుక్ పక్కన పెట్టుకోండి. వారం పాటు మామూలుగానే పని చేయండి. విండో తెరిచినప్పుడల్లా, మూసినప్పుడల్లా, పక్కకు జరిపినప్పుడల్లా ఒక గీత గీయండి. పక్కన రెండు ముక్కల్లో ఎందుకో రాయండి: "మీటర్ కోసం", "సాహిత్యం చూడ్డానికి", "దప్పు ట్రాక్ మ్యూట్ చేయడానికి". వారం తర్వాత ఆ పేజీ చూస్తే మీకు ఏ రెండు విండోలు ఎప్పుడూ కలిసి కావాలో, ఏది ఊరికే తెరిచి ఉంటుందో తేటగా తెలుస్తుంది. చాలామంది ఈ మెట్టు దాటేసి, యూట్యూబ్‌లో ఎవరో చూపించిన లేఅవుట్‌ను యథాతథంగా పెట్టుకుంటారు. ఆయన ముందు మూడు మానిటర్లుంటాయి, ఆయన చేసేది ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతం. మీ పాటలో రెండు దప్పులు, ఒక డోలక్, తాళాలు, కీబోర్డు, ముందు గొంతు ఒకటి, వెనక కోరస్ నాలుగు. మీ చేతులు నడిచే దారి వేరు.

ఆ గీతల్ని చూశాక పనిని దశలుగా విడదీయండి. జానపద పాటలు చేసేవాళ్లకు నా లెక్కలో నాలుగు దశలు సరిపోతాయి: రికార్డింగ్, కోత, మిక్సింగ్, వినడం. దశకు ఒక లేఅవుట్. పది లేఅవుట్లు చేసుకున్నవాళ్లు చివరికి రెండే వాడతారు, మిగతా ఎనిమిదీ ఏ నంబర్ మీద ఉన్నాయో మరిచిపోతారు.

రికార్డింగ్ లేఅవుట్‌లో ఉండాల్సినవి చాలా తక్కువ. రికార్డు అవుతున్న ట్రాక్, దాని మీటర్ వీలైనంత పెద్దగా, సమయం చూపే అంకెలు గది అవతలి గోడ నుంచి కూడా కనిపించేంత పెద్దగా, పక్కన పాట సాహిత్యం. మిక్సర్ వద్దు, ప్లగిన్లు వద్దు. మీటర్ మీద గొంతు గట్టిగా లేచిన చోట కూడా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోవడం ఈ దశలో మీ కళ్లకున్న ప్రధానమైన పని. 24 బిట్‌లో రికార్డు చేస్తుంటే కాస్త తక్కువ లెవల్‌లో ఉన్నా నష్టం లేదు, తర్వాత పెంచుకోవచ్చు. సున్నా దాటి పగిలిన గొంతును మాత్రం బాగు చేయలేం. అందుకే ఈ లేఅవుట్ మొత్తం ఆ ఒక్క మీటర్ చుట్టూ కట్టుకోవాలి. ఈ దశలోనే కంప్యూటర్ నోటిఫికేషన్లు ఆపేసే అలవాటు కూడా చేసుకోండి. మంచి టేక్ మధ్యలో స్క్రీన్ మీదికి వాట్సాప్ మెసేజ్ వచ్చి కీబోర్డును లాక్కుంటే ఆ టేక్ పోయినట్టే.

కోత దశలో టైమ్‌లైన్ స్క్రీన్ అంతా పరుచుకోవాలి. పైన పల్లవి, చరణం 1, చరణం 2, కోరస్ అని తెలుగులోనే మార్కర్లు పెట్టుకోండి. పాట రాసినాయన పక్కన కూర్చుని "రెండో చరణంల ఆ మాట తీసెయ్యి" అంటే మీకు గబుక్కున చోటు దొరకాలి. ఆయనకు కూడా స్క్రీన్ అర్థం కావాలి. పాట ఎవరిదో వాళ్లకు స్క్రీన్ చదవగలిగేలా ఉంచడం మర్యాద. పని తొందరగా తెమలడానికి కూడా అది సాయపడుతుంది.

మిక్సింగ్‌కు వచ్చేసరికి మిక్సర్ స్క్రీన్‌లో సగానికి పైగా ఆక్రమించాలి. టైమ్‌లైన్ పైన సన్నటి పట్టీలా మిగిలితే చాలు. 1366 బై 768 స్క్రీన్ మీద ఇరవై ట్రాకులు ఒకేసారి సరిగా కనిపించవు. కనిపించాలని పాకులాడితే ఫేడర్లు అగ్గిపుల్లల్లా సన్నబడి, చేయి తప్పుతుంది. దప్పులు, డోలక్, తాళాలు కలిపి "వాద్యం" అని ఒక ఫోల్డర్ ట్రాక్ కిందికి తెచ్చి ముడిచేయండి. కోరస్ నాలుగింటినీ ఇంకో ఫోల్డర్ కిందికి తెండి. అప్పుడు ఎదురుగా ఉండేవి అయిదారు ఫేడర్లు. ప్లగిన్ ఏది తెరిచినా ఒకే మూలన తెరుచుకునేలా చూసుకోండి. కుడి పై మూల నాకైతే అనువుగా తోస్తుంది, ఎందుకంటే గొంతు ఫేడర్ ఎడమ వైపున ఉంచుకుంటే ప్లగిన్ దాన్ని కప్పదు.

నాలుగోది వినడం. ఇందులో దాదాపు ఏమీ ఉండదు. మాస్టర్ మీటర్, లౌడ్‌నెస్ మీటర్, ప్లే మీట. తరంగాల బొమ్మ కళ్ల ముందుంటే చెవి చేయాల్సిన పని కన్ను లాక్కుంటుంది. తర్వాత రాబోయే చరణం కనిపిస్తుంటే ఇప్పుడు వింటున్న చరణంలోని లోపం వినిపించదు. యూట్యూబ్‌కు ఇచ్చే పాట అయితే లౌడ్‌నెస్ మీటర్ మీద మైనస్ 14 ఎల్‌యుఎఫ్‌ఎస్ దరిదాపుల్లో ఉందో లేదో చూడండి. అంతకంటే బాగా గట్టిగా ఇస్తే యూట్యూబే తగ్గించి వినిపిస్తుంది, మీరు నొక్కి నొక్కి పెంచిన శ్రమ వృథా.

కదలకూడనివి

లేఅవుట్లు నాలుగైనా, వాటన్నింటిలోనూ చోటు మారకూడనివి కొన్ని ఉంటాయి. ప్లే, స్టాప్, రికార్డ్ మీటలు. మాస్టర్ మీటర్. అన్‌డూ. వంటింట్లో పోపుల డబ్బా చోటు మారితే పొయ్యి మీద నూనె కాగుతుండగా చేయి గాల్లో తడుముకుంటుంది. స్క్రీన్ మీద ఇదీ అంతే. ఈ మూడు నాలుగింటినీ ప్రతి లేఅవుట్‌లోనూ అదే చోట, అదే పరిమాణంలో ఉంచండి.

ఇది ఇష్టాయిష్టాలకు సంబంధించిన సంగతి కాదని చెప్పడానికి పాత ఆధారం ఉంది. 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికా సైనిక విమానాలు నడిపే పైలట్లు చేసిన 460 పొరపాట్లను పరిశీలించారు. అప్పట్లో థ్రాటిల్, ప్రొపెల్లర్, మిక్స్చర్ అనే మూడు లివర్ల వరస ఒక్కో రకం విమానంలో ఒక్కోలా ఉండేది. ఒక విమానానికి అలవాటు పడిన చేయి ఇంకో విమానంలో కూడా పాత చోటికే పోయేది. తప్పు పైలట్‌దని అప్పటిదాకా అనుకునేవారు. లివర్ల అమరికలోనే తప్పు ఉందని ఆ పరిశీలన తేల్చింది. అదే ఫిట్స్ 1954లో ఇంకొకటి కొలిచి చూపించాడు: చేయి ఒక గురిని చేరడానికి పట్టే సమయం దూరాన్ని బట్టి, గురి పరిమాణాన్ని బట్టి ఉంటుంది. మనకు పనికొచ్చే విషయం ఏమిటంటే, స్క్రీన్ అంచు దగ్గర మౌస్ ఆగిపోతుంది కాబట్టి అంచుకు ఆనించిన మీటను పట్టుకోవడం తేలిక. ప్లే, రికార్డ్ మీటల పట్టీని స్క్రీన్ మధ్యలో తేలేలా వదలకుండా కింది అంచుకు ఆనించండి. నైట్ షిఫ్ట్ దిగి మూతలు పడుతున్న కళ్లతో పని చేసేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

కంట్రోల్ రూమ్ నేర్పే పాఠం

కంట్రోల్ రూమ్‌లో పని చేసే మీరు స్క్రీన్ల గురించి ఇప్పటికే చాలా నేర్చుకుని ఉన్నారు, కానీ ఆ తెలివిని ఇంటికి తెచ్చుకోవడం లేదు. ఇది నాకు బాధ కలిగించే విషయం. రియాక్టర్ గ్రాఫిక్ మీద ఒక టెంపరేచర్ అంకె ఎర్రబడితే ఏం చేయాలో మీకు తెలుసు. అదే మీ పాట ప్రాజెక్ట్‌లో ట్రాకులన్నీ ఎరుపు, పసుపు, గులాబీ రంగుల్లో మెరుస్తుంటాయి. అందులో ఒక మీటర్ నిజంగా సున్నా దాటి ఎర్రబడితే మీ కంటికి ఆనదు.

1994 జూలై 24న వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ దగ్గర టెక్సకో రిఫైనరీలో పేలుడు జరిగింది. దానికి ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందు 275 అలారాలు వచ్చిపడ్డాయని బ్రిటన్ భద్రతా సంస్థ దర్యాప్తులో తేలింది. ప్లాంట్ మొత్తం ఏ స్థితిలో ఉందో ఒక్క చూపులో చెప్పే స్క్రీన్ వాళ్లకు లేదని కూడా ఆ నివేదిక చెప్పింది. ఆ తర్వాతి కాలంలో పరిశ్రమల్లో స్క్రీన్లు గీసే తీరు మారింది. ఆపరేటర్ స్క్రీన్ల కోసం 2015లో వచ్చిన ఐఎస్ఏ 101 ప్రమాణం వరకు ఆ దారి సాగింది. వెనక రంగు బూడిద రంగు, మామూలుగా నడుస్తున్నవాటికి మెరుపుల్లేని రంగు, తేడా వచ్చినదానికి మాత్రమే ఎరుపు పసుపు అనే పద్ధతి కొత్త కంట్రోల్ రూముల్లో మీరు చూస్తున్నదే.

దాన్నే పాట దగ్గర పాటించండి. వాద్యాలన్నీ ఒక మసక రంగు, గొంతులన్నీ ఇంకో మసక రంగు. ఎరుపును సున్నా దాటితే వెలిగే క్లిప్ దీపానికీ, రికార్డ్ మీటకూ మాత్రమే వదిలేయండి. రికార్డ్ మీట కాకుండా స్క్రీన్‌లో ఇంకెక్కడైనా ఎరుపు కనిపించిందంటే చెయ్యి ఆగాలి.

ఇంతకంటే లోతైన పాఠం ఇంకొకటుంది. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని మళ్లీ మూసుకోలేదు. ప్యానెల్ మీద దీపం మాత్రం ఆరిపోయింది. మూసుకోమని వాల్వ్‌కు విద్యుత్ ఆదేశం వెళ్లిందని ఆ దీపం చెబుతోంది. వాల్వ్ నిజంగా మూసుకుందా లేదా అన్నది అది చెప్పలేదు. ఆపరేటర్లు దీపాన్ని నమ్మారు. బయటికి పోతున్న నీళ్లు చేరే ట్యాంక్ కొలతలు చూస్తే అసలు సంగతి బయటపడేది. ఆ మీటర్లు ప్యానెల్ వెనక వైపున ఉన్నాయి, ఆపరేటర్లు నిలబడే చోటుకు కనిపించవు. రియాక్టర్ కోర్‌లో కొంత భాగం కరిగిపోయింది.

మీ రికార్డ్ మీట ఎర్రగా వెలుగుతోంది. అది చెప్పేది రికార్డు చేయమని మీరు సాఫ్ట్‌వేర్‌కు చెప్పారని మాత్రమే. గొంతు నిజంగా లోపలికి వస్తోందా అన్నది ఇన్‌పుట్ మీటర్ చెప్పాలి. ఇంటర్‌ఫేస్‌లో మైకు రెండో సాకెట్‌లో ఉండి ట్రాక్ మొదటి సాకెట్‌ను వింటుంటే మీట వెలుగుతూనే ఉంటుంది, ట్రాక్‌లో నిశ్శబ్దమే రికార్డవుతుంది. అందుకే రికార్డ్ మీట పక్కనే, దాన్ని ఆనుకునే, ఇన్‌పుట్ మీటర్ ఉండేలా సర్దండి. రెండూ ఒకే చూపులో పడాలి. మీటర్ ఇంకో విండో వెనక ఉందంటే ఆ లేఅవుట్ తప్పుగా కట్టినట్టే, ఎంత అందంగా ఉన్నా సరే.

మీ సాఫ్ట్‌వేర్‌లో

రీపర్ వాడేవాళ్ల పని సులువు. వ్యూ మెనూలో స్క్రీన్‌సెట్లు ఉంటాయి. విండోలు సర్దుకుని షిఫ్ట్‌తో పాటు ఎఫ్7 నొక్కితే మొదటి అమరిక దాచుకుంటుంది, ఎఫ్7 ఒక్కటే నొక్కితే తిరిగి వస్తుంది. ఎఫ్8, ఎఫ్9 కూడా అంతే. నాలుగోదానికి యాక్షన్ల జాబితాలోకి వెళ్లి మీకు నచ్చిన మీట ఇచ్చుకోవచ్చు. మన లాప్‌టాప్‌లలో చాలావాటిలో ఈ మీటలు ముందుగా స్క్రీన్ వెలుతురుకూ సౌండ్‌కూ కట్టి ఉంటాయి కాబట్టి ఎఫ్ఎన్ మీట కూడా పట్టుకోవాల్సి రావచ్చు. విండోలను తేలనివ్వకుండా డాకర్‌లో బిగించుకుంటే అవి ఒకదాని మీద ఒకటి పడవు. రీపర్‌ను తయారు చేసిన జస్టిన్ ఫ్రాంకెల్ 1997లో విన్‌యాంప్ తెచ్చినవాడే. పాటల ప్లేయర్ ముఖాన్ని తమకు నచ్చినట్టు మార్చుకునే అలవాటు లక్షలమందికి ఆ విన్‌యాంప్ స్కిన్‌లతోనే అబ్బింది.

ఎఫ్ఎల్ స్టూడియోలో ఎఫ్5 ప్లేలిస్ట్, ఎఫ్6 చానెల్ ర్యాక్, ఎఫ్7 పియానో రోల్, ఎఫ్9 మిక్సర్. ఈ నాలుగూ వేళ్లకు పడితే సగం బాధ తీరుతుంది. ఏబుల్టన్ లైవ్‌లో ట్యాబ్ మీటతో రెండు దృశ్యాల మధ్య మారడమే ప్రధానం, అక్కడ ఎక్కువ సర్దాల్సిన పని ఉండదు. మ్యాక్ మీద లాజిక్ ప్రో వాడేవాళ్లు 1, 2, 3 అంకెలు నొక్కితే చాలు, స్క్రీన్‌సెట్‌కు తాళం వేసే వీలు కూడా ఉంది. తాళం తప్పకుండా వేయండి. క్యూబేస్‌లో వర్క్‌స్పేస్‌లు, ప్రో టూల్స్‌లో విండో కాన్ఫిగరేషన్లు అంటారు. ఈ రెండింటికీ షార్ట్‌కట్లు కుడి పక్క అంకెల ప్యాడ్ మీద ఆధారపడతాయి. ఆ ప్యాడ్ లేని లాప్‌టాప్ అయితే చిన్న యుఎస్‌బి ప్యాడ్ కొనుక్కోవడం మంచిది.

సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, నంబర్ల వరస మీ పని వరసే కావాలి. ఒకటి రికార్డింగ్, రెండు కోత, మూడు మిక్సింగ్, నాలుగు వినడం. సిస్టం ఫార్మాట్ చేస్తే లేఅవుట్లు కూడా పోతాయి కాబట్టి వాటి ఫైలు ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. రీపర్‌లో ఆప్షన్స్ మెనూ నుంచి రిసోర్స్ ఫోల్డర్ తెరిస్తే స్క్రీన్‌సెట్ల ఫైలు అక్కడ కనిపిస్తుంది.

ఒకే సీటు, నలుగురు మనుషులు

గదిలో ఒకే కంప్యూటర్ మీద ముగ్గురు నలుగురు పని చేసే చోట గొడవ ఎక్కువ. ఒకరు సర్దింది ఇంకొకరు చెదరగొడతారు. దీని గురించి ఆలోచించేటప్పుడు మన జిల్లాలోనే ఉన్న సంఘం రేడియోను తలచుకోవాలి. జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుంచి పని చేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు, మాచనూర్ గ్రామంలో 2008 అక్టోబర్ 15న ఈ రేడియోను మొదలుపెట్టాయి. దళిత మహిళలు నడిపే ఈ కేంద్రం దేశంలోని కమ్యూనిటీ రేడియోల్లో మొదటి వరసలోది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు ఆ రేడియోకు పేరు తెచ్చినవాళ్లు. స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో అనుమతి 2006లో కానీ రాలేదు. అంతకుముందే అక్కడి మహిళలు కార్యక్రమాలు రికార్డు చేసి సంఘాల మీటింగుల్లో వినిపించేవారు. చిరుధాన్యాల సాగు, విత్తనాలు, పండుగ పాటలు, ఊళ్ల ముచ్చట్లు వాళ్ల మాటల్లోనే, వాళ్ల యాసలోనే.

ఊళ్లోని మహిళలు తమ చేతులతో రికార్డింగ్, ఎడిటింగ్, ప్రసారం నడిపించగలిగారంటే అందులో మనం ఆలోచించాల్సింది ఉంది. ఇంగ్లీషు మెనూలు చదవడం కష్టమైన మనిషికి స్క్రీన్ చోట్ల ద్వారా గుర్తుంటుంది. కింద ఎడమ మూల మీట అంటే రికార్డు, దాని పక్కది ఆపడం. అట్లా చోట్లతో నేర్చుకున్న మనిషి ముందు ఎవరైనా సరదాగా విండోలు అటూ ఇటూ జరిపితే, ఆమె నేర్చుకున్నదంతా ఆ పూటకు చెరిపేసినట్టే. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకు అది చిన్న చిరాకు, రానివాళ్లకు పని ఆగిపోవడం.

కాబట్టి నలుగురు కూర్చునే చోట "అందరిది" అని ఒక లేఅవుట్ చేసి, సాఫ్ట్‌వేర్‌లో వీలుంటే తాళం వేయండి, దాన్ని ఎవ్వరూ మార్చకూడదు. మిగతావాళ్లు తమ తమ పేర్లతో వేరే లేఅవుట్లు దాచుకోవచ్చు. పని ముగించి లేచేటప్పుడు "అందరిది"కి తెచ్చి లేవడం షిఫ్ట్ అప్పగింతలో భాగం కావాలి, కంపెనీలో లాగ్ బుక్ రాసి లేచినట్టే. లేఅవుట్ల పేర్లు తెలుగులో పెట్టండి. గోడ మీద కాగితం అంటించి ఏ మీటకు ఏ లేఅవుటో పెద్ద అక్షరాలతో, వీలైతే బొమ్మతో రాయండి. కొత్తగా వచ్చిన అమ్మాయికి నేర్పేటప్పుడు ముందు "అందరిది" ఒక్కటే చూపించండి. మిగతావి నెల తర్వాత.

దీన్నే ఉద్యోగంగా చేసుకోవాలంటే

ఇక్కడిదాకా వచ్చినవాళ్లలో కొందరికి ఇంకో దారి కనిపిస్తుంది. స్క్రీన్లు సర్దడమే కాకుండా స్క్రీన్లు తయారు చేయడం. మన ప్రాంతంలో దీనికి రెండు తలుపులు ఉన్నాయి. ఒకటి కంపెనీలలో పీఎల్‌సీ, స్కాడా స్క్రీన్లు గీసే ఆటోమేషన్ పని. రెండోది ఆడియో సాఫ్ట్‌వేర్, ప్లగిన్ల రూపకల్పన. కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ విభాగం కూడా ఉంది, అర్హత ఉండి చదువుకోగలిగినవాళ్లు ఆ దిక్కు చూడొచ్చు. చదువు మానేసి పనిలో ఉన్నవాళ్లు కూడా మొదలుపెట్టొచ్చు. రీపర్‌లో లువా భాషతో చిన్న స్క్రిప్టులు రాసుకునే ఏర్పాటు ఉంది. ఒక మీట నొక్కితే కోరస్ ట్రాకులన్నీ ముడిచి, గొంతు ట్రాక్‌ను పెద్దది చేసి, రికార్డింగ్ లేఅవుట్ తెచ్చే స్క్రిప్టుతో మొదలుపెట్టండి. తర్వాత సీ ప్లస్ ప్లస్ నేర్చుకుంటే జూస్ అనే ఫ్రేమ్‌వర్క్‌తో సొంతంగా ప్లగిన్ కట్టొచ్చు.

మార్చుకోగల లేఅవుట్లున్న సాఫ్ట్‌వేర్‌ను మీరే తయారు చేసే రోజు వస్తే కొన్ని సంగతుల్లో గట్టిగా నిలబడండి. వాడేవారు ఏం జరిపినా "మొదటిలా చేయి" అనే మీట ఒకటి ఎప్పుడూ కళ్ల ముందు ఉండాలి, మెనూ లోపలి మెనూలో దాగి ఉండకూడదు. విండో జరపడాన్ని కూడా అన్‌డూ చేసే వీలుండాలి. ఆఫీసులో రెండో మానిటర్ మీద పెట్టిన విండో ఇంటికొచ్చి మానిటర్ లేకుండా తెరిచినప్పుడు స్క్రీన్ బయటెక్కడో పడి కనిపించకుండా పోతుంది. అలాంటి విండోను సాఫ్ట్‌వేరే వెతికి తిరిగి లోపలికి తేవాలి. లేఅవుట్ పాట ఫైలులో కలిసిపోకూడదు, లేకపోతే వేరేవాళ్లు పంపిన ప్రాజెక్ట్ తెరిచిన ప్రతిసారీ మీ స్క్రీన్ వాళ్ల స్క్రీన్‌లా మారిపోతుంది. రికార్డు నడుస్తుండగా ఏ పెట్టె కూడా పైకి లేచి కీబోర్డును లాక్కోకూడదు. కొత్త వెర్షన్‌లో మీటల చోటు మార్చాల్సి వస్తే పాత అమరికను కూడా ఎంచుకునేలా ఉంచాలి. ఇవన్నీ ఖరీదైన వసతులేమీ కావు, అయినా డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్లలో కూడా ఇవి సరిగా లేక సతమతమయ్యేవాళ్లు ఎంతోమంది.

పరీక్షించేటప్పుడు మీ మంచి మానిటర్ మీద పరీక్షించకండి. 1366 బై 768 స్క్రీన్, విండోస్‌లో అక్షరాల పరిమాణం 125 శాతం, వెలుతురు తక్కువ గది. నైట్ డ్యూటీ దిగిన మనిషిని దాని ముందు కూర్చోబెట్టండి. "ఈ పాటకు గొంతు రికార్డు చెయ్యన్నా" అని చెప్పి మీరు నోరు మూసుకోండి. ఆయన మౌస్ ఆగిన చోటల్లా, వెనక్కి వచ్చిన చోటల్లా కాగితం మీద గుర్తు పెట్టండి. "అక్కడ కాదన్నా, ఇక్కడ" అని సాయం చేయాలనిపిస్తుంది, చేయకండి. మీరు సాయం చేసిన చోటల్లా మీ డిజైన్‌లో ఒక లోపం దాగిపోతుంది. ఆయన తడబడితే ఆ తప్పు స్క్రీన్‌దే అన్న సంగతి ఆయనకు ముందే చెప్పండి, లేకపోతే తనకు చేతకాలేదని చిన్నబుచ్చుకుంటాడు.

ఇంటర్వ్యూకు పోయేటప్పుడు అందమైన స్క్రీన్ల బొమ్మలు పట్టుకుపోయేవాళ్లే ఎక్కువ. మీరు ఆ కాగితాలు పట్టుకెళ్లండి: మొదటి వారం గీసుకున్న గీతలు, ఒక మనిషి ఎక్కడెక్కడ ఆగాడో పెట్టిన గుర్తులు, దాన్ని బట్టి మీరు మార్చిన లేఅవుట్, మార్చాక అదే మనిషి మళ్లీ చేసినప్పుడు తగ్గిన గుర్తులు. కంట్రోల్ రూమ్‌లో పని చేసి ఉంటే ఆ అనుభవాన్ని రెజ్యూమె చివర ఒక లైన్‌లో దాచేయకండి. ఏ అలారం ఎందుకు పట్టించుకునేవారు కాదో, ఏ గ్రాఫిక్‌లో ఏ అంకె వెతుక్కోవాల్సి వచ్చేదో, దాన్ని మీరైతే ఎక్కడ పెట్టేవారో, కంపెనీ రహస్యాలేవీ బయటపెట్టకుండా ఒక పేజీలో గీసి చూపించండి.